అక్కయ్య వెల్లకిలా పడుకున్న వేసవి

ఎనభై రెండు వేసవిలో, కాలువలు కట్టేసిన వారానికి, అమలాపురంలో డాక్టరు గారు నా జబ్బకి పట్టీ చుట్టి, బల్బు నొక్కి, గాలి వదిలి, మళ్ళీ నొక్కారు. రెండోసారి కూడా అంకె మారలేదు. నూట డెబ్భై, నూట పది.

“ఆసనాలు మానేసేరా మేష్టారూ?” అన్నారు.

మానలేదు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా యోగాసనాలు వేస్తున్నాను. రెండేళ్ళ కిందట నా భార్య రాజేశ్వరి పోయినప్పుడు మైల రోజులు తప్ప ఒక్క పొద్దు తప్పలేదు. ఐదింటికి లేవడం, ఇరవై నిమిషాల్లో పదకొండు ఆసనాలు ముగించడం, ఆఖరున ఐదు నిమిషాలు తలకిందులుగా నిలబడి, దబ్బున దిగి, స్నానానికి పరిగెత్తడం. ఏడున్నరకి రేవు దాటితేగాని కాలేజీలో మొదటి పీరియడు అందదు. నేను చెప్పేది చరిత్రే అయినా కుర్రాళ్ళు చాటుగా నన్ను శీర్షాసనం మేష్టారు అనేవారు. అది నాకు తెలుసు. కొంచెం బాగానే ఉండేది కూడా.

“మరి ఆ గుణమంతా ఎక్కడికి పోతోందండీ?” అన్నారు డాక్టరు గారు మాత్రలు రాస్తూ.

ఆ ప్రశ్న పట్టుకునే బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి, వైనతేయ పాయ దాటి, పాశర్లపూడిలో దిగి, సైకిలు మీద ఇల్లు చేరాను. మాది అప్పనపల్లికి రెండు మైళ్ళ ఊరు. రాజేశ్వరికీ నాకూ పిల్లలు కలగలేదు. ఇంట్లో నేనూ, మా కామేశ్వరక్కయ్యా. ఇరవై అయిదో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చింది. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వంటింటి పక్క గదిలో చాప మీద, గోడ వైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. పడుకోవడమే కాని నిద్రపోయినట్టు ఎప్పుడూ చెప్పలేదు. తెల్లవారుజామున నేను లేచేసరికి ఆవిడ లేచి ఎంతసేపయిందో నాకెప్పుడూ తెలియదు.

“ఎంత ఉందిట?” అంది మంచినీళ్ళు ఇస్తూ.

“కొంచెం ఎక్కువే.”

“కొంచెం నాకు తెలీదు. అంకె చెప్పు.”

చెప్పాను.

“ఉప్పు తగ్గిస్తాను. ఆ తలకిందుల భాగోతం వల్ల రక్తమంతా నెత్తికెక్కిందేమో కూడా చూసుకో,” అంది.

ఆ వారమే మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు టీచరు సీతారత్నం పెద్దవాళ్ళకి యోగా క్లాసు మొదలుపెట్టింది. ఓడలరేవులో పడవలవాళ్ళ పిల్ల. ట్రైనింగులో నేర్చుకుందట. సెలవుల్లో హాలు ఖాళీయే కదా అని హెడ్మాస్టరు గారు తాళంచెవి ఇచ్చారు. పొద్దున్న ఆరింటికి క్లాసు. నేను వెళ్ళింది నేర్చుకోవడానికి కాదు. నిజం చెప్పాలంటే, చూపించడానికి.

చూపించాను. పదకొండు ఆసనాలూ వేసి, శీర్షాసనం వేసి దిగాను. సీతారత్నం చేతులు కట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూసింది.

“బాగా వంగుతున్నారండీ. ఏ బస్సుకండీ వెళ్ళాలి?”

“బస్సేమిటమ్మా? సెలవులు కదా.”

“మరెందుకండీ అంత తొందర? ఒక్క ఆసనంలోనూ మూడు ఊపిరులు ఉండలేదండీ మీరు.” దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “బీపీ ఏమైనా ఉందాండీ?”

“ఉంది.”

“అయితే ఇవాళ్టితో తలకిందులు ఆపెయ్యండి. అది మీకు పడదండీ. ఆఖర్న పడుకోరేమండీ?”

“ఎక్కడ?”

“ఇక్కడేనండీ, కింద. శవాసనం.”

తొమ్మిదేళ్ళుగా వేస్తున్నా అది మా ఇంట్లో లేదని చెప్పాను. నాకు ఆసనాలు నేర్పింది మా నాన్నగారు. అన్నీ నేర్పి అదొక్కటీ వదిలేశారు. మా వాళ్ళల్లో మనిషిని మంచం మీంచి కటికనేల మీదికి దింపేది ప్రాణం పోయేటప్పుడే. బతికున్నవాడు తనంతట తను అలా వెల్లకిలా, కాళ్ళూ చేతులూ వదిలేసి పడుకుంటే ఇంటికి అరిష్టమనేవారు. ఆసనాలు అయిన వెంటనే లేచి తిరిగెయ్యాలని ఆయన నియమం. మా ఇళ్ళల్లో ఆసనాలు వేసే నలుగురైదుగురూ అలాగే వేసేవారు.

సీతారత్నం నవ్వలేదు. “తొమ్మిదేళ్ళూ అన్నం వండి, వార్చి, వడ్డించుకోకుండా కాలేజీకి పోయేరండీ మేష్టారూ,” అంది. “చేసిందంతా ఒంటికి అందేది ఆ పది నిమిషాల్లోనేనండీ.”

ఆ రోజు నేను పడుకోలేదు. మిగతావాళ్ళు పడుకుంటే గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి, నవ్వులాటగా అక్కయ్యకి చెప్పాను. ఆవిడ కొబ్బరి కోరుతోంది. చెయ్యి ఆపింది.

“పది నిమిషాలు ఏం చెయ్యక్కర్లేదా?”

“ఏం చెయ్యకూడదుట.”

“ఆడవాళ్ళకి కూడానా?”

“ఆడవాళ్ళూ వస్తున్నారు.”

మళ్ళీ కోరడం మొదలుపెట్టింది. చెక్క పూర్తయ్యాక, “రేపు నేనూ వస్తాను,” అంది.

*

హాల్లో మధ్యగా నాలుగు బెంచీలు అడ్డం పెట్టి ఇటు మగవాళ్ళు, అటు ఆడవాళ్ళు. మొత్తం పన్నెండుమంది. అక్కయ్య తెల్ల పంచె నిండుగా చుట్టుకుని, కొంగు బొడ్లో దోపుకుని, ఎవరినీ చూడకుండా వెళ్ళి ఆఖరున కూర్చుంది. ఆవిడ పక్కన పెద్దింట్లమ్మ. సీతారత్నం తల్లి. ఎండుచేపల తట్ట మోసి మోసి మెడ పట్టేస్తే కూతురే తీసుకొచ్చింది. ఆవిడ అక్కయ్యని చూసి చాప తీసుకుని దూరం జరగబోయింది.

“ఎక్కడికి పోతావు? అక్కడ ఎండ పడుతుంది,” అంది అక్కయ్య.

“ఆయ్. మీకు ఇబ్బందేమోనండీ అమ్మగారూ.”

“నా నడుం నాకు ఇబ్బంది. నువ్వేం చేసేవు?”

ఆ రోజు నేను కూడా పడుకున్నాను. అక్కయ్య పడుకుంటుంటే కూర్చోవడానికి సిగ్గేసింది. బెంచీల కిందనుంచి ఆవిడ పాదాలు కనిపించాయి. మడమలు పగిలి, కాలివేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

సీతారత్నం నా పదకొండింటిలో అయిదు తీసేసింది. మిగిలిన ఆరూ నెమ్మదిగా, ఒక్కొక్కదానిలో ఆరు ఊపిరులు లెక్కపెట్టుకుంటూ వేయించింది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కాసేపు ఊరికే కూర్చోమనేది. ఆ ఊరికే కూర్చోవడం నాకు శీర్షాసనం కన్నా కష్టమైంది. పదిహేను రోజులకి మాత్రం, మందులకని అమలాపురం వెళ్తూ రేవులో నిలబడి పంటు ఆలస్యమైనా గడియారం చూసుకోవడం లేదని గమనించాను. నెలాఖరుకి డాక్టరు గారి అంకె నూట యాభైకి దిగింది.

అక్కయ్యకి మాత్రం పడుకోవడం రాలేదు. మిగతావన్నీ వచ్చాయి. ఏభై ఆరేళ్ళ మనిషి, కూర్చుని వంగితే చేతివేళ్ళు కాలివేళ్ళని అందుకున్నాయి. కాని వెల్లకిలా పడుకుంటే భుజాలు నేలకి ఆనవు. నిమిషానికోసారి మెడ ఎత్తి గుమ్మం వైపు చూసేది.

“భుజాలు నేలకి ఇచ్చెయ్యండమ్మగారూ,” అనేది సీతారత్నం.

“ఇస్తున్నానే. అది తీసుకోవడం లేదు.”

ఇంటికి వస్తూ దారిలో నాతో అంది. “పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయినట్టుంటుందిరా రమణా. ఏమీ లేదని తెలుసు. అయినా పొంగిపోతున్నట్టే ఉంటుంది.”

*

వైశాఖం వెళ్ళి జ్యేష్ఠం వచ్చాక ఒక సాయంత్రం శరభయ్య బాబాయి గారు మా ఇంటికి వచ్చారు. మా నాన్నగారి పినతండ్రి కొడుకు. వేదం చెప్పుకున్నవారు. మా ఇళ్ళల్లో శుభమైనా అశుభమైనా ఆయన చేతి మీదే జరగాలి. హైస్కూలు కమిటీలో సభ్యులు. వైశాఖమంతా సాయంత్రాలు ఆ హాల్లోనే పురాణం చెప్పారు.

అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టారు.

“ఒరే రమణా, నేను పురాణం చెప్పిన చోట పొద్దున్నే పీనుగులు పడుంటున్నాయటగా?”

“పీనుగులు కాదు బాబాయి గారూ, మేమే,” అన్నాను.

“నేనూ ఉన్నాను,” అంది అక్కయ్య గుమ్మంలోంచి.

“నీ సంగతి తేల్చడానికే వచ్చేనమ్మా. పట్టపగలు పదిమందిలో వెల్లకిలా పడుకోవడమేమిటే కామేశ్వరీ? మీ అమ్మ పడుకుందా? మీ పిన్ని పడుకుందా?”

“పిన్ని పడుకునుంటే ఇంకో పదేళ్ళు బతికేది.”

పోయిన భార్య మాట వచ్చేసరికి బాబాయి గారు చెంబు అందుకున్నారు. అందులో నీళ్ళు లేవు. మళ్ళీ పెట్టేశారు.

“పక్కన ఎవరు పడుకుంటున్నారో, అదైనా చూసుకున్నావా?”

“చూసుకున్నాను. పెద్దింట్లమ్మ. మంచి మనిషి.”

ఆయన అక్కయ్యని వదిలేసి నా వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం తగ్గింది. అదే నాకు భయమేసింది.

“బహుళ పంచమికి రాజేశ్వరి తద్దినం. ఇంకా తొమ్మిది రోజులుంది. ఇది ఈ ఇంట్లో ఆగితే నేను వచ్చి జరిపిస్తాను. ఆగకపోతే నేను రాను, భోక్తలు రారు. మన వీధిలోంచి ఒక్కడు వచ్చి నీ ఇంట్లో విస్తరి ముందు కూర్చోడు. పోయినదాని నోట్లో ముద్ద పడకుండా చేస్తావో, అక్క చేత పట్టపగలు నిద్ర మాన్పిస్తావో, నీ ఇష్టం.”

ఆయన వెళ్ళాక చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. తద్దినానికి భోక్తలంటే పోయినవాళ్ళ తరఫున కూర్చుని తినేవాళ్ళు. వాళ్ళు తృప్తిగా తిని లేస్తే పోయినవాళ్ళు తిన్నట్టు. చరిత్ర చదువుకున్న నాకు అందులో ఎంత నమ్మకం ఉందో నాకే తెలియదు. కాని పోయిన ఏడు భోక్త గారు రెండోసారి పరవాన్నం అడిగితే, రాజేశ్వరి అడిగినట్టే అనిపించింది. దానిమీద నాకు లెక్చరు ఇవ్వడం ఎవరివల్లా కాదు.

“అక్కయ్యా,” అన్నాను వంటింటి గుమ్మంలో నిలబడి. “ఈ తొమ్మిది రోజులూ మానేద్దాం. తద్దినం అయిపోయాక మళ్ళీ వెళ్దాం.”

“నువ్వు మానెయ్యి.”

“రాజేశ్వరి కోసం...”

“రాజేశ్వరి పేరు అడ్డం పెట్టకురా.” ఆవిడ నా వైపు తిరగలేదు. “ఆఖరు నెల్లో అది రోజూ ఒకటే అడిగేది. వదినగారూ, కాసేపు నా పక్కన నడుం వాల్చండి అనేది. పనుంది, ఇదిగో వస్తున్నా అనేదాన్ని. ఏం పనిరా? గిన్నెలు. ఒక్కరోజు వాల్చలేదు.”

చేతిలో గిన్నె బోర్లించి, అప్పుడు నా వైపు తిరిగింది.

“ముప్ఫై ఒక్క ఏళ్ళలో నిన్ను ఏమైనా అడిగేనా?”

“లేదు.”

“ఇప్పుడూ అడగడం లేదు. రేపు ఆరింటికి వెళ్తున్నాను. నీకు తద్దినం మంత్రాలు వచ్చును కదా?”

*

మర్నాటినుంచి క్లాసుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కొబ్బరి వ్యాపారం చేసే అబ్బులు గారు, “షుగరు తగ్గిందండీ, ఆయ్, మళ్ళీ పెరిగితే వస్తాను,” అని వెళ్ళిపోయారు. చివరికి అయిదుగురం మిగిలాం. సీతారత్నం అయిదుగురికీ అంతే శ్రద్ధగా చెప్పింది. ఒకరోజు క్లాసు అయ్యాక, “నా వల్ల మీ ఇంట్లో కార్యం ఆగిపోతుందంటున్నారండీ,” అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి అక్కయ్య కోప్పడింది.

“నువ్వెవరమ్మా ఆపడానికి? వండేది నేను, పెట్టేది వీడు. నువ్వు ఊపిరి సంగతి చూసుకో.”

పంచమినాడు తెల్లవారి తలుపు తీసేసరికి వీధి గేటుకి దర్భల కట్ట వేలాడుతోంది. భోక్తలు దొరకనప్పుడు పీటల మీద దర్భల కూర్చలు పెట్టి, వాళ్ళే కూర్చున్నట్టు తద్దినం జరిపించుకోవచ్చు. దర్భలు ఎక్కడినుంచి తేవాలా అనే రాత్రంతా బాధపడ్డాను. ఆ కట్టకి వేసిన ముడి శరభయ్య బాబాయి గారు తప్ప ఇంకెవరూ వెయ్యరు. ఆయన రాలేదు. రానన్నారు, అలాగే రాలేదు. కాని ఆ కట్ట తెచ్చి కట్టింది ఆయనే.

అక్కయ్య మడి కట్టుకుని గారెలు, పరవాన్నం, అరటికాయ కూర, నువ్వుపచ్చడి చేసింది. నాన్నగారి చేతివ్రాత పుస్తకం ముందు పెట్టుకుని నేనే మంత్రం చెప్పుకుని నేనే చేశాను. రెండుచోట్ల తడబడ్డాను. గడ్డిపోచలకి విస్తళ్ళలో వడ్డిస్తుంటే మొదట నాకు అవమానంగా ఉంది. తరవాత, ఈ గడ్డి ఎవరికీ భయపడి రావడం మానెయ్యలేదు కదా అనిపించింది. రెండోసారి పరవాన్నం ఎవరూ అడగలేదు. అడక్కుండానే వడ్డించాను. పెరట్లో పిండం పెట్టి వెనక్కి తిరిగానో లేదో కాకి వాలింది.

ఆ తరవాత మా ఇంట్లో తద్దినాలన్నీ అలాగే జరిగాయి. ఎవరినీ పిలవలేదు.

*

మర్నాడు పొద్దున్న సన్నగా జల్లు మొదలైంది. ఆ ఏటి మొదటి వాన. బడి తెరవడానికి ఇంకా మూడు రోజులు. హాలు పెంకుల మీద చినుకుల చప్పుడులో ఆరు ఆసనాలూ అయ్యాయి. కిటికీలోంచి చల్లటి గాలి వచ్చి సరిగ్గా మేం పడుకునే వేళకి నేలంతా చల్లబరిచింది. అందరం వెల్లకిలా పడుకున్నాం.

“కాళ్ళు వదిలెయ్యండి,” అంది సీతారత్నం. “చేతులు వదిలెయ్యండి. మొహం కూడా వదిలెయ్యండి. ఎవరూ చూడరు.”

కాసేపటికి బెంచీల అవతల ఊపిరి మారింది. పొడుగ్గా, బరువుగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా. నేను మెల్లిగా తల పక్కకి తిప్పి చూశాను. అక్కయ్య పాదాలు రెండూ చెరోవైపుకి వాలిపోయి ఉన్నాయి.

పది నిమిషాలు అయిపోయాయి. సీతారత్నం లేవమనలేదు. నోటి మీద వేలు పెట్టుకుని మా అందరికీ సైగ చేసింది. మేమూ కదలలేదు.

అప్పుడే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. శరభయ్య బాబాయి గారు గొడుగు మడుస్తూ లోపలికి వచ్చారు. వెనక అటెండరు నతానియేలు, చేతిలో గొలుసు, తాళంకప్ప.

“కమిటీ తీర్మానం అయిందమ్మా. ఇవాళ్టినుంచి హాలుకి తాళం. ఖాళీ చెయ్యండి.”

“ఆయ్. చేస్తామండీ,” అంది సీతారత్నం. “కామేశ్వరమ్మగారు లేచేక.”

“లేపు.”

“లేపనండీ.”

“ఏమిటీ?”

“ఈ ఒక్కరోజుకే నెలన్నర కష్టపడ్డామండీ ఆవిడా నేనూ. నన్ను కమిటీ ముందుకి పిలవండి, వస్తాను. ఉద్యోగం తీసెయ్యండి. ఇప్పుడు మాత్రం లేపనండీ.”

పెద్దింట్లమ్మ కళ్ళు మూసుకునే, నేల మీదనుంచి అంది. “ఎవురండీ ఆ కేకలు? ఇక్కడ పడుకున్నోళ్ళున్నారు.”

బాబాయి గారు బెంచీలు దాటి వచ్చి నా తల దగ్గర నిలబడ్డారు. “ఒరే రమణా, లే.”

ఆయన వస్తే నేను లేవకుండా ఉండటం అన్నది నా ఏభై ఏళ్ళలో జరగలేదు. తిండి మధ్యలో ఉన్నా లేచేవాణ్ణి. ఇప్పుడూ నా ప్రమేయం లేకుండానే మెడ నరం బిగిసింది. కుడి మోచెయ్యి నేలని నొక్కింది. సగం లేచిన భుజం నాకు తెలుస్తూనే ఉంది. దాన్ని మళ్ళీ నేలకి ఇచ్చేశాను. ఒక ఊపిరి లెక్కపెట్టుకున్నాను. తరవాత ఇంకొకటి.

“లేవనండీ బాబాయి గారూ,” అన్నాను. “అయ్యాక లేస్తాను.”

ఆయన ఏమంటారో అని ఎదురుచూశాను. చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది. ఉత్త కాళ్ళతో అటు వైపు నడిచారు. అక్కయ్య దగ్గర ఆగిపోయి అలాగే నిలబడ్డారు. భర్త పోయి ఇరవై అయిదేళ్ళ వయసులో మా ఇంటి ముందు బండి దిగిన మనిషిని లోపలికి తీసుకొచ్చింది ఆయనే. అప్పటినుంచి ఆవిడ నిద్రపోతుండగా ఆయన ఎన్నడూ చూసి ఉండరు. నేనే చూడలేదు.

నతానియేలు గొలుసు చప్పుడు కాకుండా గుప్పెట్లో కూరుకుని, తడి కాళ్ళతో గుమ్మంలోనే నిలబడ్డాడు. వాన కొంచెం పెద్దదయింది. ఎంతసేపో తెలియదు.

చివరికి అక్కయ్య కదిలింది. కళ్ళు తెరిచింది. పైన పెంకులూ, వాటి కింద బాబాయి గారి మొహమూ కనిపించి ఉండాలి. కంగారుపడి లేస్తుందనుకున్నాను.

“ఎంతయింది?” అంది.

“ఏడున్నర దాటిందండీ అమ్మగారూ,” అన్నాడు నతానియేలు.

“మీరా బాబాయి గారూ.” గొంతు నిద్రతో బరువుగా ఉంది. “అక్కడే కూర్చోండి. ఇంకో ఐదు నిమిషాలు.”

అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.